కేరోను పాడుచేసింది వరదలేనా?

షికాగో నుంచి మెంఫిస్ వైపు ఐ-57 రహదారి మీద వెళ్లే మనవాళ్లలో చాలామంది ఇల్లినాయ్ రాష్ట్రపు దక్షిణ కొసన ఉన్న కేరో ఊళ్లోకి తిరగరు. తిరిగి చూసినవారు కూడా, కామర్షియల్ అవెన్యూలో తలుపులూడిన ఇటుక భవనాలను చూసి, "నదుల మధ్య ఊరు కదా, వరదలకు పాడుబడి ఉంటుంది" అని తేల్చేస్తారు. ఆ మాటతో నేను ఏకీభవించలేను.

పేరు రాయడం ఈజిప్టు రాజధానిలాగే రాసినా అక్కడివారు పలికేది "కేరో" అనే. ఊరి కొసన నిలబడితే బురదరంగు మిసిసిపీ, కొంచెం పచ్చగా కనిపించే ఒహాయో కలిసీ కలవకుండా చాలా దూరం పక్కపక్కనే సాగిపోతాయి. ఈ సంగమం దగ్గర ఒహాయోలోనే నీరెక్కువ. అయినా ఇక్కడితో దాని పేరు ముగిసిపోతుంది. రాష్ట్రం మొత్తంలో ఇంతకన్నా పల్లపు చోటు లేదు కాబట్టి ఊరి చుట్టూ కరకట్టలు కట్టారు. ఉత్తరాన రైలుకట్ట కిందుగా రోడ్డు ఊళ్లోకి దిగే చోట, వరద వస్తే దించడానికి భారీ ఇనుప తలుపు ఒకటి పైన సిద్ధంగా ఉంటుంది. దాన్ని దించితే ఆ దారి పూర్తిగా మూసుకుపోతుంది.

ఈ సంగమమే ఒకప్పుడు ఊరికి అన్నం పెట్టింది. అమెరికా అంతర్యుద్ధంలో, 1861లో, ఉత్తరాది సేనాని జనరల్ గ్రాంట్ ఇక్కడే మకాం వేసి దక్షిణాదిపై యుద్ధం నడిపాడు. 1920లో 15,000 దాటిన జనాభా 2020 నాటికి 1,733కి పడిపోయింది. 1889లో ఒహాయో మీద రైలు వంతెన రావడంతో పడవల మీద రైళ్లను దాటించే పని పోయిందన్నది, తర్వాత పెద్ద రహదారి ఊరిని తప్పించుకుని వెళ్లిందన్నది నిజమే. అయితే వంతెనలు వచ్చిన ఊళ్లన్నీ ఇలా ఖాళీ కాలేదు.

1909లో ఇక్కడ విల్ జేమ్స్ అనే నల్లజాతి యువకుణ్ణి వేల మంది చూస్తుండగా చంపారు. 1962లో నల్లజాతివారిని రానివ్వని ఈత కొలను ముందు పౌరహక్కుల ఉద్యమకారుడు జాన్ లూయిస్ తదితరులు మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థించారు. అందరినీ రానివ్వడానికి బదులు యాజమాన్యం ఆ కొలనునే మూసేసింది. తర్వాత దాన్ని కాంక్రీటుతో పూడ్చేశారు. 1969లో నల్లజాతివారు తెల్లవారి దుకాణాల్లో కొనడం మానేసి మొదలుపెట్టిన బహిష్కరణ ఉద్యమంలో నల్లజాతివారిని పనిలో పెట్టుకోవడం ఇష్టంలేక దుకాణాలనే కట్టేసుకున్న వ్యాపారులున్నారు. తమ పిల్లలు ఈదే కొలనును, తమకు కూడు పెట్టే అంగడిని తామే మూసుకున్న ఊరి గురించి మాట్లాడుతూ నేరమంతా నదుల మీద వేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

2011 వరదలో ఒహాయో 61 అడుగులు దాటినప్పుడు సైనిక ఇంజనీర్లు మే 2న నది అవతల మిస్సోరి రాష్ట్రం వైపు కరకట్టకు గండికొట్టి, 1,30,000 ఎకరాల పొలాలను ముంచి కేరోను కాపాడారు. అంతకుముందు, పొలాలు మునగాలా, కేరో మునగాలా అని అడిగితే మిస్సోరి ప్రతినిధుల సభ స్పీకర్ "కేరో" అని బదులిచ్చి, ఆనక క్షమాపణ చెప్పుకున్నాడు. పంట పోయిన రైతుల బాధ చిన్నది కాదు. కానీ ఆ మాట అంత తేలిగ్గా నోటికి వచ్చిందంటే, ఆ ఊళ్లో మనుషులున్నారన్న సంగతి అప్పటికే ఎంతమంది మనసుల్లోంచి జారిపోయిందో ఆలోచించండి.

ఏళ్ల తరబడి కిరాణా కొట్టయినా లేని ఆ ఊళ్లో 2023లో జనమే సభ్యులుగా చేరి సహకార దుకాణం తెరుచుకున్నారు. ఈసారి అటు వెళ్లేవారు కాసేపు రహదారి దిగి, సంగమం దాకా వెళ్లి, ఆ వీధుల్లో నడిచి రండి.