నిజాం సావరినా? ఎప్పటి నిజాం?

సెప్టెంబర్ వస్తే విలీనమా, విమోచనమా అని కొట్టుకోవడం మనకు మామూలే. ఆ తగవులోకి నేను రాను. నా గోలంతా అందులో అలవోకగా విసిరేసే మాట గురించి. "హైదరాబాద్ సావరిన్ స్టేట్ బాస్! సొంత నోట్లు, సొంత రైళ్లు, సొంత పోస్టు ఉండేవి" అంటారు. ఉండేవి, ఎవరు కాదన్నారు? నోట్లు అచ్చేసుకున్నంత మాత్రాన సావరిన్ అయిపోరు కదా. ఎవరి ముందూ తల వంచక్కర్లేకపోతే అది సావరిన్టీ. లోపలి పాలన నీదే, బయటి రాజ్యాలతో సంగతి మాత్రం నేను చూసుకుంటానని ఇంకొకడు పైన కూర్చుంటే, వాడి పెత్తనం సుజరెన్టీ.

అసలు తమాషా ఏంటంటే, మన దగ్గర పేరొకటి, జరిగేదొకటి. 1724లో దక్కన్‌ని చేతిలోకి తీసుకున్న మొదటి అసఫ్ జా కాగితం మీద ఢిల్లీ బాద్షాకు సుబేదారే, అంటే ఆయన తరఫు గవర్నరే. కానీ యుద్ధమైనా, సంధైనా ఆయనిష్టం. 1857 దాకా నాణేల మీద మొఘల్ పేరే ఉన్నా, ఢిల్లీ మాట ఇక్కడ చెల్లింది తక్కువ. 1798లో ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం కుదిరాక అంతా తిరగబడింది. పేరుకు మిత్రుడు, చక్రం తిప్పేది కోఠీ రెసిడెన్సీ, అంటే కంపెనీ ప్రతినిధి కూర్చునే చోటు! హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యానికి పడ్డ బాకీల పేరు చెప్పి 1853లో నిజాం ప్రాంతమైన బేరార్‌ని (ఇప్పటి విదర్భ వైపు) వాళ్ల చేతుల్లోకి తీసుకున్నారు. ఇదెక్కడి స్నేహం?

ఆ బేరార్ కోసమే చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ 1925లో వైస్రాయ్‌కి, అంతర్గత విషయాల్లో నేనూ మీకు సమానుడినే అని రాశాడు. 1926లో వైస్రాయ్ రీడింగ్ జవాబు ఎంత కటువుగా ఉందంటే, ఈ దేశంలో బ్రిటిష్ రాజుదే పైచేయి, సంస్థానాధీశుడెవరూ సమానుడిగా బేరమాడలేడు అని తేల్చేశాడు. దీనికి మించిన సాక్ష్యం ఏం కావాలి?

1947 భారత స్వాతంత్ర్య చట్టం సంస్థానాల మీద బ్రిటిష్ రాజు సుజరెన్టీ రద్దవుతుందంది. పైవాడు దిగిపోయాడు కాబట్టి నేనే సావరిన్ అని నిజాం లెక్క. డొమినియన్ హోదా, అంటే బ్రిటిష్ రాజు పేరు కింద సొంతంగా ఏలుకునే దేశం హోదా అడిగితే మౌంట్‌బాటెన్ ఇవ్వలేదు. చట్టప్రకారం ఆయన వాదనలో పస ఉందని నేనూ ఒప్పుకుంటా. కానీ ఆ నవంబర్ 29న యథాతథ ఒప్పందం మీద సంతకం పెట్టి రక్షణ, విదేశీ వ్యవహారాలు, కమ్యూనికేషన్లలో పాత ఏర్పాట్లనే ఢిల్లీతో కొనసాగించాడు. ఇందులో ఢిల్లీకి పెద్దరికమేమీ (పాత సుజరెన్టీ లాంటిదేమీ) లేదని ఒక క్లాజు మాత్రం రాయించుకున్నారు. పెద్దరికం లేదట, పనులన్నీ పాత పెద్దరికానివే!