అది ప్రేమ కాదు బావా

టీవీలో 1993 నాటి హిందీ సినిమా ‘డర్’ వచ్చిందంటే మా ఇంట్లో గొడవే. నిన్న రాత్రీ అంతే. “పాపం, పిచ్చోడు, ఎంత ప్రేమించాడో!” అన్నాడు మా బావ. నాకు ఒళ్లు మండిపోయింది.

అందులో రాహుల్ (షారుఖ్ ఖాన్) తనను ప్రేమించని కిరణ్ వెంటపడతాడు, కత్తితో ఛాతీ మీద ‘కిరణ్’ అని చెక్కుకుంటాడు. జడుసుకోవాల్సిన చోట మనకు జాలేస్తుంది. దర్శకుడు యశ్ చోప్రా మనల్ని అతని గదిలో కూర్చోబెట్టాడు మరి! గోడ నిండా ఆమె ఫొటోలు, చనిపోయిన తల్లితో ఫోన్లో కబుర్లు. కిరణ్‌గా వేసిన జూహీ చావ్లా కళ్లలో భయం కనిపిస్తూనే ఉంటుంది, కాదనను. కానీ సినిమాలో కంటికి అంత ఇంపైన స్విట్జర్లాండ్ పాట ఎవరిది? అతని పగటికల. అందులో ఆమె నవ్వుతూ అతని చేతుల్లో ఉంటుంది. నిజంలో ఆమె ఒక్కసారైనా ఊఁ అనలేదే! ఆ మంచుకొండలు చూసి మనం ఆ సంగతే మర్చిపోతాం.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒకడు ఆరు నెలలు సైకిలేసుకుని నా వెనకాలే తిరిగాడు. రోజూ దారి మార్చుకుని, చెమటలు పట్టి, పుస్తకాలు గుండెకి అదుముకుని నడిచేదాన్ని. అప్పుడూ మావాళ్లు వాణ్ణే “పాపం” అన్నారు.