పచ్చి పులుసుతో సోపతి కట్టిన ఫ్రెంచి వైన్ సీసాకు

మహారాజశ్రీ పిక్‌పూల్ ద పినే గారికి,

హన్మకొండ నుంచి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. మా ఇంట్ల ఎనిమిది నెలలు ఉన్నవు. నోరు తెరిచింది ఒక్క రాత్రే. ఆ ఒక్క రాత్రికే నా ఇజ్జత్ తీసినవు గనుక ఈ ఉత్తరం.

నువ్వు వచ్చిన తీరు యాదికున్నదా? మా మేనల్లుడు ఫ్రాన్సుల మాంపెలియే అనే ఊర్ల చదువుకుంటడు. సంక్రాంతికి వస్తూ నిన్ను లుంగీల చుట్టి, బట్టల మధ్యల పసిపిల్లను పండబెట్టినట్టు పండబెట్టి తెచ్చిండు. "మామా, వరంగల్ల దీని పేరు తెలిసినోడివి నువ్వొక్కనివే ఐతవు" అన్నడు. గా ఒక్క మాటకు నేను రెండు అంగుళాలు పెరిగిన. మా అమ్మ అరుగు మీదికెళ్లి "ఏం పేరన్నవు రా?" అని అడిగింది.

"పిక్‌పూల్, అమ్మమ్మా."

"ఇప్పపూలా? దానికి ఫ్రాన్సు దాక ఎందుకు పోవుడు బిడ్డా, ములుగు దాక పోతె సాలదా?"

అప్పటి నుంచి మా ఇంట్ల నీ పేరు ఇప్పపూలే. నువ్వే సర్దుకోవాలె.

పోయేటప్పుడు పిలగాడు ఇంకో మాట కూడ చెప్పిండు: "దాచిపెట్టకు మామా, ఇది లేతగున్నప్పుడే తాగేది." నేను ఇంటనా? గింత పొడుగు పచ్చ సీసాను మామూలు దినం ఎట్ల తీస్తం? ఎవలన్న పెద్దమనిషి ఇంటికి రావాలె, బిర్యాని ఉండాలె, కాడ ఉన్న గాజు గ్లాసులు కొనాలె. నీ గురించి చదివిన కూడ. 8 నుంచి 10 డిగ్రీల చల్లదనం కావాల్నట. పక్కన మీ దిక్కు "తో" అనే ఉప్పునీటి మడుగుల పెంచిన ఆల్చిప్పలు ఉండాల్నట. భద్రకాళి చెరువు కట్ట మీద మక్క కంకులు దొరుకుతయి, ఆల్చిప్పలు నేనేడ తేవాలె? అట్ల నువ్వు ఫ్రిజ్ తలుపుల దోశపిండి గిన్నె పక్కన ఎనిమిది నెలలు నిలబడ్డవు. తలుపు తీసినప్పుడల్ల మా ఆమె "నీ దొరసాని జర పక్కకు జరుగుతదా, పాలగిన్నె పెట్టాలె" అనుడు.

బిరడా తీసే సామాను కోసం వైన్స్‌కు పోయిన. వైన్స్ అంటే నీకు తెల్వది గద, చెప్త. మా రాష్ట్రంల మందు దుకాణాన్ని వైన్స్ అంటం. 2,620 ఉన్నయి. లైసెన్సు లక్కీ డ్రాల వస్తది. 2025ల దరఖాస్తుకే 3 లక్షలు, డ్రాల పేరు రాకపోతె ఆ పైసలు వాపసు రావు. ఇంత తతంగం చేసి తెరిచిన దుకాణంల బీరుంటది, విస్కీ ఉంటది, బ్రాందీ ఉంటది. వైన్ మాత్రం బోర్డు మీద ఉంటది. జాలీ వెనక ఉన్న పిలగాడు నా ముఖం చూసి "సార్, పండ్లతోని తీసే మూతల సరుకే ఉన్నది మా దగ్గర" అన్నడు.

ఇగ ఆ రాత్రి సంగతి. సెప్టెంబర్ నెల, ముసురు. సాయంత్రం ఆరింటికి పోయిన కరెంటు తొమ్మిదైనా రాలే. ఫ్రిజ్‌ల ఐసు కరిగి నీళ్లు బండల మీదికి వచ్చినయి. మా ఆమె పాలు కాగబెట్టి పక్కన పెట్టింది, నిన్ను తీసి నా ముంగట పెట్టింది. "ఇది ఉంచుతవా, పారబోస్తవా?"

కూరగాయలు లేవు. అన్నం, నెయ్యేసిన ముద్దపప్పు, పచ్చి పులుసు. నానిన చింతపండు పిసికి, పొయ్యి మీద కాల్చిన పచ్చిమిరపకాయలు, ఉల్లిగడ్డ ముక్కలు ఉప్పేసి చేత్తోనే నలిపి, నువ్వుల పొడి, ఇంత బెల్లం, జీలకర్ర ఎల్లిగడ్డ పోపు. మరగబెట్టేది లేదు, పావుగంట పని.

నీ బిరడాల స్క్రూ దించి కటింగ్ ప్లేయర్‌తోని గుంజిన. సగం వచ్చింది, సగం విరిగింది. ఉన్న సగాన్ని గంటె కాడతో లోపటికి తోసిన. స్టీలు గ్లాసుల పోసిన. ముందుగాల మా నాయిన అలవాటు గుర్తొచ్చి వేలు ముంచి నేల మీద రెండు చుక్కలు చిలకరించిన. కల్లైతేనేంది, నువ్వైతేనేంది, సాక సాకే.

మొదటి గుక్క ఉత్తగనే తాగిన. పులుపు చెవుల దాక గుంజింది. నీ పేరుకు పెదవిని కుట్టేదని అర్థం చెప్తరట. పేరు పెట్టినోడు అబద్ధమాడలే. ఎనిమిది నెలలు పూజ చేసింది నిమ్మకాయ నీళ్లకా అని కడుపుల మంట. ఎవలకు చెప్పుకోవాలె?

పప్పన్నంల పచ్చి పులుసు పోసుకొని రెండు ముద్దలు తిన్న. తర్వాత మళ్ల ఒక గుక్క. ఏడ పోయింది నీ పొగరు? నోరు అప్పటికే చింతపండుకు అలవాటుపడ్డది గనుక నీ పులుపు సగానికి సగం దిగింది. దాని వెనక దాక్కున్న జామకాయ తొక్క వాసన, జరంత ఉప్పదనం అప్పుడు బయటికి వచ్చినయి. ముద్దకో గుక్క, గుక్కకో ముద్ద. నడుమ కాల్చిన మిరపకాయ ముక్క పంటి కింద పడ్డది. దాని మీద నిన్ను తాగుడు బుద్ధి తక్కువ పని, మంటల కిరసనాయిలు పోసినట్టైంది. నెయ్యి పప్పే కాపాడింది.

మా ఆమె నా గ్లాసుల నుంచి ఒక గుక్క తాగి, "నా పులుసు లేకుంటె దీని బతుకు ఏమయ్యేది?" అన్నది. జవాబు ఉంటె నువ్వే చెప్పు. ఆఫీసుల నీ గురించి ఎన్ని కోతలు కోసిన! ఇప్పుడు పచ్చి పులుసుతోని తాగిన అని చెప్పాల్నా?

నీ చరిత్ర కూడ తీసిన లే, గంత దొరతనం ఏం లేదు. ఒకప్పుడు నిన్ను వెర్మూత్ అనే మూలికల మందు చేసేటందుకు పోసేటోళ్లు. లాంగ్‌డాక్ అనే మీ ఇలాక పేరు కింద ఉండి ఉండి, 2013ల సొంత పేరు తెచ్చుకున్నవు. మాకు 2014ల వచ్చింది. ఆ సంగతి ముందే తెలిస్తె నీతో ఇంకింత మర్యాదగ ఉందును.

ఇంకోటి. తెల్ల వైన్ అంటరు నిన్ను. తెలుపు ఏడున్నది? గడ్డి రంగున్నవు. తెల్లగుండేది కల్లు. అది పొద్దుగాల దించితె మాపటికి పులుస్తది, ఎవడూ బిర్యాని కోసం ఆపడు.

మేనల్లుడు మళ్ల సంక్రాంతికి వస్తుండు. సుంకం లేకుంట 2 లీటర్లు తేవచ్చట. నీ అసొంటి 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు పట్టంగ అర లీటరు మిగులుతది. ఆ అర లీటరు గురించి ఫోన్ల బేరం నడుస్తున్నది.

ఇట్లు,
నీ పులుపు దిగినంక నిన్ను గుర్తుపట్టినోడు

తా.క. నీ సీసల మా అమ్మ నువ్వుల నూనె పోసింది. వంచినప్పుడల్ల బిరడా ముక్క మెడకు అడ్డం పడుతున్నది. "ఇప్పపూలోడు నూనె సుత పోయనిస్తలేడు" అని తిడుతున్నది.