పక్క పేజీ చదవనివ్వండి

తెలుగు మీడియమా, ఇంగ్లిష్ మీడియమా అని మళ్లీ మొదలెట్టారు. ఒక జట్టు తల్లిభాష చచ్చిపోతోందని గుండెలు బాదుకుంటుంది, వాళ్ల పిల్లలు మాత్రం పొద్దున్నే కార్పొరేట్ స్కూలు బస్సెక్కుతారు. రెండో జట్టుకి గోడ మీద ఇంగ్లిష్ మీడియం అని రాయిస్తే చాలు, పిల్లలకి ఇంగ్లిష్ వచ్చేసినట్టే. మధ్యలో నలిగేది మా విశాఖలో కంచరపాలెంలోనో గాజువాకలోనో గవర్నమెంటు బడికెళ్లే పిల్లలు.

మా వీధిలో ఆరో తరగతి కుర్రాడొకడు సాయంత్రాలు లెక్కల పుస్తకం పట్టుకుని మా ఇంటికొస్తాడు. మొన్నొక లెక్క ఇంగ్లిష్‌లో గడగడా చదివాడు, అక్షరం తడబడలేదు. ఏం చెయ్యాల్రా అంటే దిక్కులు చూశాడు. పక్క పేజీలో అదే లెక్క తెలుగులో ఉంది, చదవమన్నాను. చివరికంటా చదవకుండానే నోటితో జవాబు చెప్పేశాడు. మరి ముందే ఇది చూడొచ్చు కదా అన్నాను. "తెలుగు పేజీ చూడొద్దన్నారు అంకుల్, పరీక్షలో ఇంగ్లిష్‌లోనే రాయాలి కదా" అన్నాడు.

ఒళ్లు మండింది. ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురుగా తెలుగు. ఇన్నేళ్ల రగడలో ప్రభుత్వం చేసిన పనికొచ్చే పని, నన్నడిగితే, ఈ పుస్తకమొక్కటే. దాన్నీ సగం మూసేసి చదివిస్తున్నాం!

పార్టీల వాళ్లు కాసేపు ఆగండి. 2019 నవంబరులో గవర్నమెంటు బడుల్ని ఇంగ్లిష్ మీడియం చేస్తూ జీవో 81 ఇచ్చింది జగన్ ప్రభుత్వమే, నిజం. 2020 ఏప్రిల్లో హైకోర్టు కొట్టేసిందీ నిజమే. కానీ 2017లో మున్సిపల్ స్కూళ్లని ఇంగ్లిష్ మీడియం చేయబోయింది చంద్రబాబు ప్రభుత్వం. అంతకు ముందు వైఎస్ హయాంలో ఇంగ్లిష్ మీడియం పెట్టిన సక్సెస్ స్కూళ్లు. జెండా ఏదైనా తంతు ఒకటే: ముందు మీడియం మార్చెయ్యడం, టీచర్ల సంగతి తర్వాత చూసుకోవడం. పదో తరగతి దాకా తెలుగులో చదివి, తెలుగులోనే పాఠాలు చెప్పిన మాస్టారికి నాలుగు రోజుల ట్రైనింగ్ ఇచ్చి రేపట్నించి సైన్స్ ఇంగ్లిష్‌లో చెప్పమంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? నోట్సు బోర్డు మీద రాస్తాడు, పిల్లలు ఎక్కించుకుంటారు.

తెలుగు జట్టుకీ ఒక మాట. ప్రైవేటు స్కూళ్ల మీద మాతృభాషను రుద్దడానికి వీల్లేదని 2014లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అంటే తెలుగు మీడియం తప్పనిసరి అని రేపు ఎవరైనా రూలు పెట్టినా అది డబ్బులేనివాడి పిల్లలకే. ఆ తల్లిదండ్రులు ఇంగ్లిష్ అడుగుతున్నారంటే వాళ్లకి భాష మీద ప్రేమ లేక కాదు, ఉద్యోగం ఎటు ఉందో కనబడుతోంది కాబట్టి.

అసలు పిల్లల భాషలో చదువు చెప్పడం మనకి కొత్తా? పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ భాషలోనే పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి వాళ్ల పిల్లలకి చదువు చెప్పారు. నూరేళ్లు దాటిన ముచ్చట. పిల్లలకి అర్థంకాని గ్రాంథికంలో పాఠాలేమిటని అప్పట్లో గొడవ లేచింది కూడా మన వైపే. స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ యేట్స్ దొర, ఇక్కడి ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, విజయనగరంలో గురజాడ, వీళ్లంతా గిడుగు పక్షమే. అరకు, పాడేరు వైపు కువి, కొండ, ఆదివాసీ ఒరియా భాషలు మాట్లాడే పిల్లలకైతే తెలుగే రెండో భాష. వాళ్ల కోసం ఉమ్మడి రాష్ట్రంలో ఇంటి భాషతో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి తెచ్చే బడులు పెట్టారు. కొండ మీద పిల్లాడికి పనికొచ్చిన పద్ధతి కింద పిల్లాడికి పనికిరాదా?

మొదటి రెండు మూడేళ్లు ఇంటి భాషలో చదవడం, రాయడం గట్టిపడనివ్వండి. ఆ రోజుల్లోనే ఇంగ్లిష్ మాట్లాడించండి, పాడించండి, ఆడించండి. తర్వాత పాఠం రెండు భాషల్లో నడవాలి. ప్రశ్నపత్రం రెండు భాషల్లో అచ్చెయ్యండి, పిల్లాడు ఏ భాషలో రాసినా, రెండూ కలిపి రాసినా మార్కులెయ్యండి. పరీక్ష మారితే క్లాసు తనంతట తనే మారుతుంది.

మీ పిల్లలే మీడియం అని కామెంట్లలో ఎలాగూ అడుగుతారు. ఇంగ్లిష్ మీడియమే. అర్థంకాని పాఠం రాత్రిపూట తెలుగులో విడమర్చి చెప్పడానికి ఇంట్లో చదువుకున్నవాళ్లం ఇద్దరం ఉన్నాం. ఇంట్లో ఆ వీలు లేని పిల్లలకి ఆ పని బడే చెయ్యాలి, మాస్టార్లని చెయ్యనివ్వాలి.