‘ఏ కార్డు తేవాల బాబూ?’: సరిహద్దు తగువుల పరిశోధనలో రాయకుండా వదిలేసేది

ఆంధ్రా, ఒడిశా సరిహద్దులోని కొటియా కొండల్లో ఒక ఊరు. పేరు రాయను, ఎందుకో తరవాత చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక పరిశోధక విద్యార్థికి దుభాషిగా అక్కడికి వెళ్లాను. నాది పర్లాకిమిడి, ఒడిశా వైపు సరిహద్దు ఊరు. తెలుగు ఇంట్లో వచ్చింది, ఒడియా బడిలో వచ్చింది. సాలూరులో బొలేరో మాట్లాడుకుని ఘాటెక్కాం. విద్యార్థి చేతిలోని ఫారంలో పద్నాలుగో ప్రశ్న: ‘మీరు ఏ రాష్ట్రానికి చెందినవారని భావిస్తారు?’ కింద నాలుగు గళ్లు. ఆంధ్రప్రదేశ్, ఒడిశా, రెండూ, చెప్పలేను. వాకిట్లో చోళ్లు ఎండబెడుతున్న పెద్దావిడను అడిగాను. ఆవిడ మా బండి వైపు ఒకసారి చూసింది. లోపలికి వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, “ఏ కార్డు తేవాల బాబూ?” అంది.

తెచ్చింది రబ్బరు బ్యాండు చుట్టిన ప్లాస్టిక్ కవరు. పైన ఆంధ్రా రేషన్ కార్డు, దాని కింద ఒడిశాది, ఆ కింద ఓటరు కార్డులు, ఆధార్, నలిగిపోయిన ఆస్పత్రి చీటీ. అవన్నీ చాప మీద పరిచి పది నిమిషాలు మాట్లాడింది. కొంత తెలుగు, కొంత దేశియా అనే అక్కడి ఒడియా యాస, కోపం వచ్చినచోట కొండవాళ్ల సొంత భాష కువి. కువి నాకు రాదు, పక్కింటి కుర్రాడు అందించాడు. ఆవిడ బాధ రాష్ట్రాలతో కాదు. గెడ్డ అవతలి ఊరివాళ్లు పోడు హద్దు రాయి జరిపారట. పట్టా తెచ్చుకుని మొహాన కొడదామంటే పట్టా ఇచ్చేవాడెవడో తేలడం లేదట. అంతా విని నేను విద్యార్థికి చెప్పింది ఒక్క మాట: “రెండూ అంటోంది.” మూడో గడిలో టిక్కు పడింది.

ఆ టిక్కు తరవాత ఒక పట్టికలో శాతమైంది. తప్పు ఆ విద్యార్థి మీదకు తోసెయ్యలేను, చాలావరకు నాదే. కానీ ఒక సంగతి మాత్రం అప్పట్నుంచీ మనసులో తిరుగుతోంది. తగువుల పరిష్కారం మీద వచ్చే పరిశోధనల్లో, పని ఎలా చేశారో చెప్పే పద్ధతుల అధ్యాయాన్ని అందరూ దాటేస్తారు. మన సరిహద్దు జిల్లాల విషయంలో మొదట చదవాల్సింది దాన్నే. శాంపిల్ ఎంతో ఎలాగూ రాస్తారు. ఎవరి బండిలో వచ్చారు, ఏ భాషలో పలకరించారు, అడుగుతున్నప్పుడు పక్కన ఎవరు నిలబడ్డారు అన్నవి రాయరు. ఆ రోజు మా బొలేరో నంబరు ప్లేటు మీద ఏపీ 39 అని ఉంది. అదే కోరాపుట్ నుంచి పొట్టంగి మీదుగా ఓడీ 10 బండిలో దిగి, ఒడియాలో నమస్కారం పెట్టి ఉంటే ఆ కవరులో పైన ఏ కార్డు ఉండేదో చెప్పలేను గానీ, పందెం కాయమంటే కాస్తాను.

కొటియా కథ తెలియనివారికి రెండు మాటలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి ప్రాంతమైంది. సర్వేలో నమోదు కాకుండా తప్పిపోయిన 21 ఊళ్లను రెండు వైపులవాళ్లూ మావంటే మావన్నారు. 1968లో వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది, యథాతథ స్థితి ఉత్తర్వులొచ్చాయి. 2006లో కోర్టు, ఇది పార్లమెంటు తేల్చాల్సిన విషయమని చెప్పి అదే స్థితిని కొనసాగించమంది. 2021లో ఆంధ్రా వైపు పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కారం పిటిషను వేసింది. అదే ఏడాది నవంబరులో ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కూర్చుని, ప్రధాన కార్యదర్శుల కమిటీ అన్నారు. ఇవన్నీ రాజధానుల్లో దొరికే కాగితాలు. వీటి మీదే ఆధారపడి కొటియా మీద సిద్ధాంత గ్రంథం రాసెయ్యొచ్చు, ఘాటెక్కే పని లేదు.

లెక్కల మీద నడిచే పరిశోధనలో మేం అసలు కనిపించం. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయం వాళ్ల జాబితాలో సాయుధ సంఘర్షణగా ఎక్కాలంటే ఒక ఏడాదిలో పోరులో కనీసం 25 మంది చచ్చిపోవాలి. అమెరికాలో 1963లో డేవిడ్ సింగర్ మొదలుపెట్టిన యుద్ధాల లెక్కకు వెయ్యి ప్రాణాలు కావాలి. వాళ్లు చూసేది యుద్ధాలు, వాళ్ల గీత వాళ్లది. చిక్కేమిటంటే చనిపోయినవాళ్లను బట్టి తగువు బరువు తూచే అలవాటు అక్కణ్నుంచి మన సెమినార్ల దాకా వచ్చేసింది. యాభై ఏళ్లు దాటిన పేచీ ఆ తూకంలో సున్నా. ఆ లెక్కన శాంతిగా ఉన్నాం అన్నమాట!

అంకెలతో తేలేవి లేవని కాదు. మా జిల్లా మీదుగానే పారే వంశధార చూడండి. గొట్టా దగ్గర దొరికే 115 టీఎంసీలను చెరి సగమని రెండు రాష్ట్రాలూ 1962లోనే ఒప్పుకున్నాయి. అయినా ఆంధ్రా కట్టాలనుకున్న నేరడి బ్యారేజీ దగ్గర పీటముడి పడింది. 2010లో వేసిన ట్రిబ్యునల్ ఏళ్ల తరబడి నీటి రికార్డులు, మ్యాపులు, రెండు వైపుల ఇంజినీర్ల వాదనలు విని 2017లో తీర్పిచ్చింది. బ్యారేజీ కట్టుకోవచ్చంది, ఒడిశా వైపు 106 ఎకరాలు సేకరించి ఇవ్వమంది. ఒక రకంగా అదీ పరిశోధనే. నీటికి భాష లేదు, గేజీ దగ్గర నిలబడి ఎవరు చదివినా అదే అంకె. మనిషి దగ్గర ఆ సౌకర్యం లేదు.

పోనీ ఊళ్లకు ఊళ్లు పోల్చి చూస్తే? రాజనీతి శాస్త్రవేత్త అశుతోష్ వార్ష్ణే మతకల్లోలాల మీద చేసిన పనిలో నాకు నచ్చింది ఇదే. కల్లోలాలు జరిగిన ఊళ్లనే తవ్వితే కారణం దొరకదని, అలాంటిదే అయినా ప్రశాంతంగా ఉన్న ఊరిని పక్కన పెట్టాడు. అలీగఢ్ పక్కన కాలికట్, హైదరాబాద్ పక్కన లక్నో. మన దగ్గర కొటియా పక్కన పర్లాకిమిడిని ఎవరూ పెట్టలేదు. 1936లో మా ఊరు ఎటు పోవాలన్నదీ చిన్న గొడవేం కాదు. ఇవాళ ఆంధ్రా వైపు పాతపట్నం నుంచి పొద్దున్నే మహేంద్రతనయ నది దాటి సరుకు తెచ్చేవాళ్లు తెలుగులో బేరం మొదలుపెట్టి ఒడియాలో ముగిస్తారు, డబ్బుల దగ్గర మళ్లీ తెలుగు. ఇక్కడ చల్లారినది అక్కడ ఎందుకు చల్లారలేదు? పట్టా ఉన్న భూమికీ పోడుకూ ఉన్న తేడానా? బజారా? బంధుత్వాలా? నా అనుమానం పట్టా మీదే. కానీ గొడవ లేని ఊరికి పరిశోధకులు రారు. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త ముజఫర్ షెరీఫ్ 1954లో వేసవి శిబిరంలో పిల్లల్ని రెండు జట్లు చేసి, తగువు పెట్టి, మళ్లీ కలిపిన ప్రయోగం పాఠ్యపుస్తకాలన్నిటిలో ఉంటుంది. అంతకు ముందటేడు ఇంకో శిబిరంలో పిల్లలు కొట్టుకోకపోతే ప్రయోగాన్ని మధ్యలో ఆపేశారు. దాని గురించి చాలాకాలం ఎవరూ మాట్లాడలేదు.

పద్నాలుగో ప్రశ్నను సూటిగా అడగకూడదని తెలిసినవాళ్లు ఒక యుక్తి వాడతారు. సగం మందికి నాలుగు వాక్యాలు చదివి వినిపించి, ‘ఇందులో మీకు ఎన్ని వర్తిస్తాయి? ఏవో చెప్పక్కర్లేదు, ఎన్నో చెప్పండి’ అంటారు. మిగతా సగానికి అవే నాలుగు, వాటితోపాటు అసలు ప్రశ్న ఐదోదిగా. ‘రెండు రాష్ట్రాల్లోనూ ఓటేశాను’ అన్నది ఆ ఐదోది అనుకోండి. రెండు గుంపుల సగటులకు మధ్య తేడా ఎంతో, ఓటేసినవాళ్ల వాటా అంత. ఎవరు వేశారో అడిగినవాడికీ తెలియదు. మనిషి పరువూ కార్డూ రెండూ దక్కుతాయి. చదివినప్పుడు భలే అనిపించింది.

కొండ మీద మాత్రం అది నిలబడుతుందని నమ్మకం లేదు. తేడా నికరంగా తేలాలంటే వందల మంది కావాలి. ఊరికి కొద్ది గడపలే ఉన్నచోట అంతమందిని ఎక్కణ్నుంచి తెస్తాం? పైగా ఒకర్ని పక్కకు తీసుకెళ్లి ఒంటరిగా అడగడమన్నది అక్కడ సాగదు. మేం ఫారం తీసిన ఐదు నిమిషాలకు ఊరంతా చుట్టూ చేరింది, ఆవిడ జవాబులను మరిది సరిదిద్దాడు, మరిదిని కోడలు సరిదిద్దింది. మూడో ఇంటికి వెళ్లేసరికి ప్రశ్నలు మాకంటే ముందు చేరిపోయాయి. చాలామంది పరిశోధకులు దీన్ని చెదిరిన డేటా అంటారు. నాకేమో, ఆ ఊరు ఒక విషయాన్ని ఎలా తేలుస్తుందో అక్కడే కళ్లముందు జరిగిపోయింది అనిపించింది. ఎవరి మాట చివరికి నిలిచింది, ఎవరు మధ్యలో ఊరుకున్నారు, ఎవరు నవ్వించారు. వాటిలో ఒక్కటీ ఫారంలో లేదు.

ఊరి పేరు ఎందుకు రాయలేదో ఇప్పుడు చెప్పాలి. అక్కడ రెండు కార్డులున్నాయన్నది రహస్యం కాదు, పత్రికలు ఎప్పటినుంచో రాస్తున్నాయి. కానీ ఫలానా ఊళ్లో ఫలానా ఇంట్లో అని రాసి, అది ఏ ఆఫీసు కంప్యూటరులోనో పడితే, నెల తిరిగేసరికి ఆ ఇంటి బియ్యం ఒక వైపు ఆగిపోవచ్చు. పరిశోధన అయ్యాక మనం కొండ దిగుతాం, ఆవిడ దిగదు.

తగవు అన్న మాటనే చూడండి. పాత తెలుగులో తగవంటే న్యాయం. అది చెప్పే పెద్దమనిషి తగవరి. అదే మాట పోనుపోను పేచీ అయింది, నిఘంటువుల్లో రెండర్థాలూ పక్కపక్కనే ఉంటాయి. న్యాయం అడగడానికి నోరు తెరవడమే పేచీగా కనిపించినప్పుడు మాట అలా మారుతుందేమో. భాషాశాస్త్రజ్ఞులు ఒప్పుకోకపోవచ్చు, నాకు మాత్రం ఆఫ్రికాలోని లైబీరియాలో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు చదివినప్పుడు ఇదే గుర్తొచ్చింది. అంతర్యుద్ధం ముగిశాక అక్కడ కొన్ని ఊళ్లను చీటీలు తీసినట్టు ఎంచి, తగువులు ఎలా తీర్చుకోవాలో శిక్షణ ఇచ్చి, ఇవ్వని ఊళ్లతో పోల్చారు. 2014లో ఫలితాలు అచ్చయ్యాయి. భూమి తగువులు ఎక్కువగా తెగాయి, కొట్లాటలు తగ్గాయి. దాంతోపాటు చెయ్యెత్తని పేచీలు పెరిగాయి, చట్టం బయట శిక్షలూ పెరిగాయి. మరి ఆ శిక్షణ గెలిచినట్టా, ఓడినట్టా? ఏ తగవును లెక్కపెడుతున్నామో ముందే తేల్చుకోకపోతే ఆ పట్టికను ఎలాగైనా చదవొచ్చు.

పద్ధతి గురించి మా ఊళ్లో ఒక పాత ఉదాహరణ ఉంది. గిడుగు రామమూర్తి అనగానే మనకు వాడుకభాష గుర్తొస్తుంది. పర్లాకిమిడిలో అయ్యవారుగా ఉన్న రోజుల్లో ఆయన సవరల భాష నేర్చుకోవాలనుకున్నాడు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒకాయనను ఇంట్లో పెట్టుకుని, జీతమిచ్చి, ఏళ్ల తరబడి నేర్చుకున్నాడు. కొండల్లో తిరిగి చలిజ్వరం తెచ్చుకున్నాడు, దానికి మింగిన క్వినైనుతో వినికిడి పోగొట్టుకున్నాడు. వినడానికి వెళ్లిన మనిషి చెవులు పోగొట్టుకోవడం తలుచుకుంటే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయాడు, అంటే ఆయనా సరిహద్దు తగువులో ఒక పక్షమే. ఇవాళ ఒక సెమిస్టరులో ఫీల్డ్‌వర్క్ ముగించాల్సిన పిల్లల్ని అన్నేళ్లు కూర్చోమనలేం. ఆ ఇంట్లో ఉండి ఆయనకు మాట నేర్పిన మనిషి పేరు మాత్రం మనలో ఎందరికి తెలుసు?

నేను వెళ్లిన సర్వే సిద్ధాంత గ్రంథమై వచ్చింది. ఒక ప్రతి నాకూ పంపారు, ఆ మర్యాద మరిచిపోలేను. పద్ధతుల అధ్యాయం ఇరవై పేజీలకు పైగా ఉంది. శాంపిల్ ఎలా తీశారు, ప్రశ్నావళిని ఎలా పరీక్షించారు, ఏ సాఫ్ట్‌వేర్ వాడారు, అన్నీ వివరంగా. నేను వెతికింది పదిహేడో పేజీలో దొరికింది, ఒకే వాక్యం: ‘స్థానిక సహాయకుల తోడ్పాటుతో ఇంటర్వ్యూలు నిర్వహించడమైనది.’ బొలేరో లేదు, తెలుగు లేదు, కువి అందించిన కుర్రాడు లేడు. పద్నాలుగో ప్రశ్న పట్టికలో ‘రెండూ’ అన్న వరుస ఎదురుగా ఒక అంకె ఉంది. దానిలో ఆవిడ ఒకరు.