డ్రమ్ములో మిరపకాయలు

మా మావయ్యగారు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మే నెలలో బోరు నీళ్లకి బదులు గాలి కొట్టడం మొదలెట్టి, ట్యాంకరువాడు ఫోను చేసినప్పుడల్లా "రేపండీ" అంటుంటే, ఓ సాయంత్రం కేలండరు వెనక పెన్సిలుతో తేల్చేశారు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. మన డాబా 120 గజాలు, అంటే వంద చదరపు మీటర్లు. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు కురుస్తుంది.

"ఎనభై వేల లీటర్లు! ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పదహారు! మన నెత్తిమీంచే పోతుంటే చూస్తూ కూర్చున్నాం!"

లెక్కలో తప్పేం లేదు. కొన్న డ్రమ్ము మాత్రం రెండొందల లీటర్లది.

ప్లంబరు డాబా గొట్టాన్ని డ్రమ్ములోకి తిప్పి, "తొలి వాన నీళ్లు బయటికి వదిలెయ్యాలి సార్, దుమ్మూ పావురాల రెట్టా ఉంటాయి. ఈ వాల్వు అందుకే" అన్నాడు. "వేసవంతా ఎదురుచూసిందే ఆ వాన కోసమైతే, దాన్నే పారబొయ్యమంటావేంటయ్యా?" అని ఆయన వాల్వు బిగించేశారు. జోరుకి అడ్డమని తూము దగ్గర జాలీ కూడా పీకేశారు. మిగిలిన నీళ్లకి ఇంకుడు గుంత ఉందా అనడిగాడు ప్లంబరు. ఎందుకు లేదూ, ప్లాన్ కాగితంలో ఉంది. నీళ్లనీ నేలనీ చెట్లనీ కాపాడటానికని తెచ్చిన 2002 వాల్టా చట్టం తర్వాత కట్టిన ఇళ్లు కదా, మా వీధిలో కాగితాల మీద నీళ్లు చక్కగా ఇంకిపోతాయి. నేల మీద ఆ చోట కారు పెడతాం.

పగలంతా ఎండ మాడ్చేసి, సాయంత్రం ఈదురుగాలితో దిగింది వాన. అత్తయ్యగారు కునుకులో ఉన్నారు. డాబా మీద పాత చీరలు పరిచి, ఏడాది కారానికి సరిపడా మిరపకాయలు ఆరబోసి ఉన్నారు.

గొట్టంలోంచి ముందు బుస్సుమని గాలి, తర్వాత కాఫీరంగు నీళ్లు, ఓ పావురం ఈక, ఆ వెనకే బిలబిలా మిరపకాయలు. చూస్తుండగానే డ్రమ్ము నిండింది. మావయ్యగారు చుక్క పోనిస్తేనా? బకెట్లు, బిందెలు, ఆవకాయకి కడిగి బోర్లించిన జాడీ, ఆఖరికి మా బుడ్డోడి స్నానాల టబ్బు కూడా నింపారు. మిగతావి కారు కిందనుంచి గేటు దాటి, ఎదురింటివాళ్ల ముగ్గు మీదుగా వెళ్లిపోయాయి, మిరప గింజలతో సహా.

"ఏవండీ, నా మిరపకాయలు!"

ఆయన మోచేతిదాకా చెయ్యి ముంచి గుప్పిళ్లతో దేవారు. మొహం మీద నీళ్లు కారుతుంటే అదే చేత్తో కళ్లు తుడుచుకున్నారు. ఆ కేకకి వీధి చివర కుక్క బదులు పలికింది. కళ్లు కడుగుదామంటే ఇంట్లో ఎటు చూసినా నీళ్లే, అన్నీ కారమే. చివరికి కూజా అడుగున ఓ చెంబుడు మంచినీళ్లు దొరికాయి.

మర్నాడు పొద్దున్నే ఎదురింటావిడ బకెట్టు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ముగ్గు తగాదా వచ్చిందనుకుని అత్తయ్యగారు కొంగు బిగించారు.

"పిన్నిగారూ, మా వంగ మొక్కలకి పేనుబంక పట్టింది. ఆ కారం నీళ్లు కాసిని పోస్తారా?"

అత్తయ్యగారు కాసేపు ఆలోచించి, "తీసుకెళ్లమ్మా, దానికేం. కాయలొస్తే మాత్రం వెనక్కిచ్చెయ్యాలి" అన్నారు.