సవరణ: బొంత మధ్యలోని నెమలి శ్రీకాళహస్తిది కాదు

చిత్తూరులో ఒక బడి పిల్లలు కుట్టిన బొంత గురించి మొన్న రాశాను. తెలుగు, తమిళం, ఉర్దూ, కన్నడం మాట్లాడే ఇళ్ల పిల్లలు తలా ఒక పాతగుడ్డ ముక్క తెచ్చి కలిపి కుట్టిన బొంత అది. ఆ రాతలో తప్పులు దొర్లాయి.

మధ్యనున్న నెమళ్ల ముక్కను శ్రీకాళహస్తి కలంకారీ అన్నాను. కాదు. అది చెక్క అచ్చులతో అద్దినది, కృష్ణా జిల్లా పెడన పద్ధతి. ఫోటో పెద్దది చేసి చూస్తే రెండు నెమళ్లకూ ముక్కు దగ్గర గీత ఒకేచోట తెగి ఉంది. అచ్చు అరిగితే అలాగే పడుతుంది. శ్రీకాళహస్తిలో వెదురుపుల్లకు గుడ్డ చుట్టి, ఇనుపముక్కలూ బెల్లమూ నానబెట్టిన నల్లరంగులో ముంచి చేత్తో గీస్తారు; ఏ రెండు గీతలూ ఒకేలా రావు. దగ్గరి ఊరి మీద మమకారం, ఏం చేస్తాం! పైగా ఆ ఊరిని చిత్తూరు జిల్లాలో కలిపేశాను. 2022 ఏప్రిల్ నుంచి అది తిరుపతి జిల్లా.

టీచర్లు కుట్టారని రాయడం మరీ అన్యాయం. కుట్టింది పిల్లలే. ఒక పాప వాళ్ల అవ్వ వచ్చి దారాలకు ముడులు మాత్రం వేసి వెళ్లారట. ఒక అంచున కుట్టు బియ్యపుగింజంత, పక్క ముక్కకు వచ్చేసరికి వేలెడంత. అది చూసైనా నాకు తెలిసి ఉండాల్సింది.